తక్కువ తిరిగిన కారు, వయసు మళ్ళిన టైర్లు

"తక్కువ తిరిగిన బండండీ, కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు." సెకండ్ హ్యాండ్ కారు కొన్న ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు ఈ మాట అనే ఉంటారు. ఆ మాట వినగానే మగవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. మీటరు మీద అంకె చూస్తారు, తల ఊపుతారు, ఇంజను శబ్దం వింటారు, చివర్లో బూటు కాలితో టైరుని ఓసారి తన్ని "గ్రిప్పు బాగానే ఉంది" అని తీర్పు చెప్పేస్తారు. అక్కడితో టైర్ల పరీక్ష అయిపోయింది!

నాకు ఈ తన్నుడు పరీక్ష మీద చాలా కోపం ఉంది. ఈ పోస్టు ఆ కోపంతోనే రాస్తున్నాను. తక్కువ తిరిగిన కారులో ఇంజను కొత్తగా ఉండొచ్చు, సీట్లు కొత్తగా ఉండొచ్చు, గేరు రాడ్డు మెరుస్తూ ఉండొచ్చు. టైర్లు మాత్రం కొత్తగా ఉండవు. టైరు రోడ్డు మీద తిరిగితే అరుగుతుంది, తిరగకుండా నిలబడితే ముసలిదవుతుంది. కిలోమీటర్ల లెక్క మొదటి దానికే. రెండోదానికి కావలసింది క్యాలెండరు. మన ఇళ్ళల్లో ఆ క్యాలెండరు ఎవరూ చూడరు.

"కారు సంగతులు మనకెందుకు, మా ఆయన చూసుకుంటారు" అని ఇక్కడితో ఆపేయకండి. రబ్బరు సంగతి మనకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరున్నారు చెప్పండి? కుక్కరు గాస్కెట్ ఎన్నాళ్ళకి గట్టిపడి ఆవిరి వదిలేస్తుందో మనకి తెలుసు. మిక్సీ జారు మూత వాషరు ఎప్పుడు పట్టు విడిచి పప్పు రుబ్బు గోడకి చిమ్ముతుందో తెలుసు. పిల్లల జడలకని ఎప్పుడో కొన్న రబ్బరు బ్యాండ్ల పొట్లం డ్రాయరు సొరుగులో ఉండిపోతే, రెండేళ్ళ తర్వాత తీసి లాగగానే పుటుక్కున తెగిపోతాయి. ఒక్కసారీ వాడలేదు కదా, ఎందుకు తెగాయి? ఎందుకంటే రబ్బరుకి వాడకం ఒక్కటే శత్రువు కాదు. గాలి శత్రువు, వేడి శత్రువు, ఎండ శత్రువు, కాలం అన్నిటికన్నా పెద్ద శత్రువు. పెళ్ళికని కొని బీరువా పైన దాచిన చెప్పులు, తీసి వేసుకున్న రోజే అడుగు ఊడి చేతికొచ్చిన అనుభవం ఎంతమందికి లేదు?

గ్యాస్ పొయ్యి గొట్టం సంగతి చూడండి. ఆ నారింజ రంగు సురక్షా ట్యూబు అయిదేళ్ళకోసారి మార్చాలని చెబుతారు. పైకి ఎంత బాగున్నా సరే మారుస్తాం. "రోజుకి రెండు పూటలే కదా వండుతున్నాం, తక్కువ వాడిన గొట్టం" అని ఎవరైనా వాదిస్తారా? వాదిస్తే మనం ఊరుకుంటామా? మరి ఆ గొట్టానికున్న వయసు, నూట పది కిలోమీటర్ల వేగంతో నలుగురు మనుషుల్ని మోసే రబ్బరుకి ఉండదా?

ఇందులో జరిగేది పెద్ద రహస్యమేమీ కాదు. టైరు అంటే నల్లటి రబ్బరు ముద్ద ఒక్కటే కాదు. లోపల పలచటి ఉక్కు తీగల పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటిని రబ్బరు పట్టి ఉంచుతుంది. గాలిలోని ఆక్సిజన్ ఏళ్ళ తరబడి ఆ రబ్బరులోకి దిగుతూ దాన్ని గట్టిపరుస్తుంది, పెళుసు చేస్తుంది. బయటి గాలి ఒక్కటే కాదు, లోపల మనం ఒత్తిడితో నింపిన గాలి కూడా అదే పని చేస్తుంది. దీన్ని కొంతకాలం అడ్డుకోవడానికి తయారీలోనే రబ్బరులో కొన్ని మైనాలూ రసాయనాలూ కలుపుతారు. బండి తిరుగుతూ టైరు వంగుతూ సాగుతూ ఉంటే అవి లోపల్నించి పైకి ఊరి, చర్మానికి నూనె రాసినట్టు కాపాడతాయి. బండి నెలల తరబడి సెల్లారులో ఒకేచోట నిలబడితే ఆ ఊరడం సరిగా జరగదు. పక్క గోడల మీద సన్నటి బీటలు మొదలవుతాయి. అంటే తక్కువ తిరగడం టైరుకి వరం కాదు సరికదా, ఒక్కోసారి శాపం.

పైకి కనబడే బీటలు ఒక ఎత్తు, లోపల ఉక్కు పట్టీల మధ్య పట్టు సడలడం ఇంకో ఎత్తు. అది బయటికి కనబడదు. తన్నితే తెలియదు. ఎండాకాలం, హైవే, నిండా సామాను, నలుగురు మనుషులు, కాస్త తక్కువ గాలి, ఇవన్నీ కలిసొచ్చిన రోజున పైపొర మొత్తం ఊడి లేచిపోతుంది. ఆ రోజుదాకా "గ్రిప్పు బాగానే ఉంది".

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మన పెద్దవాళ్ళన్నారు. రోళ్ళే పగిలే ఎండలో రబ్బరు ఏపాటిది? ఇది సామెత చెప్పి తప్పించుకోవడం కాదు, దీనికి లెక్కలున్నాయి. అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఒక పెద్ద బీమా కంపెనీకి 2002 నుంచి 2006 దాకా వచ్చిన టైర్ల క్లెయిములు పరిశీలించింది. టెక్సస్, కాలిఫోర్నియా, లూసియానా, ఫ్లోరిడా, అరిజోనా, ఈ అయిదూ వేడి రాష్ట్రాలు. ఆ కంపెనీ దగ్గర పాలసీలున్నవాళ్ళలో ఈ అయిదు రాష్ట్రాలవాళ్ళు 27 శాతమే. టైర్ల క్లెయిములు మాత్రం 77 శాతం అక్కణ్ణుంచే వచ్చాయి. వాటిలో 84 శాతం ఆరేళ్ళు దాటిన టైర్లవి. ఆ ఎండలు మన ఎండలకి అక్కాచెల్లెళ్ళు. విజయవాడలోనో రామగుండంలోనో మే నెలలో నలభై డిగ్రీలు దాటడం వార్త కూడా కాదు. అందుకే టైరు వయసు గురించి చల్లటి దేశాలవాళ్ళకన్నా మనమే ఎక్కువ పట్టించుకోవాలి.

సరే, వయసు తెలిసేదెలా? ఇక్కడే నాకు నవ్వొస్తుంది. టైరు పుట్టినరోజు దాని ఒంటిమీదే అచ్చువేసి ఉంటుంది. పక్క గోడ మీద "డాట్" అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2216 అంటే 2016లో ఇరవై రెండో వారం. బయటి వైపు ఆ నాలుగంకెలు లేకపోతే లోపలి వైపు ఉంటాయి, ఫోను టార్చి వేసి చూడాలి. ఇది చదవడం కష్టమా? గ్యాస్ సిలిండరు పైన లోపలి పట్టీ మీద ఏ, బీ, సీ, డీ అక్షరం, పక్కన అంకెలు చూసి, ఇది ఏ ఏడాది ఏ మూడు నెలల్లో పరీక్షకి వెళ్ళాలో చెప్పగలిగిన మనకి ఇదో లెక్కా? పాల ప్యాకెట్టు మీద తేదీ, దగ్గు మందు సీసా మీద తేదీ, చివరికి బ్రెడ్డు కవరు క్లిప్పు మీద తేదీ వెతికే కళ్ళు మనవి. సంబంధం వస్తే పిల్లవాడి పుట్టినరోజు, నక్షత్రం, పాదంతో సహా అడుగుతాం. లక్షలు పోసి కొనే బండి టైర్ల జాతకం అడగడానికి మొహమాటం దేనికి?

మా ఇంటి సంగతి చెబుతాను. 2025 ఫిబ్రవరిలో మేం ఒక చిన్న కారు కొన్నాం. 2016 బండి, పద్దెనిమిది వేల కిలోమీటర్లే తిరిగింది. రిటైరైన ఒక పెద్దాయనది, ఎక్కువకాలం అపార్టుమెంటు సెల్లారులో కవరు కప్పుకుని ఉంది. మావారు, మా మరిది ఇద్దరూ మురిసిపోయారు. టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అమ్మకానికి పెట్టేముందు పాలిష్ రాస్తే ఏ టైరైనా నిగనిగలాడుతుంది, పెళ్ళిచూపుల్లో పౌడరు లాగా. నేను వంగి నాలుగంకెలు చదివాను. అయిదు టైర్ల మీదా 2216. 2016లో ఇరవై రెండో వారం అంటే మే ఆఖరు, జూన్ మొదలు. అచ్చంగా రోహిణి కార్తెలో పుట్టిన టైర్లు! తొమ్మిదో ఏడు నడుస్తోంది.

"ఏమండీ, ఇవి మార్చాలి" అన్నాను.

"గ్రిప్పు చూడవే, కొత్తవాటిలా ఉంది. అరగని టైర్లు పారేస్తారా ఎవరైనా?" అన్నారు మావారు.

"వదినా, టైర్ల కొట్టువాడు కూడా ఇంత తొందరపెట్టడు" అని మరిది నవ్వాడు.

మా అమ్మాయి హైదరాబాదులో చదువుతోంది. నెలకోసారి దాన్ని తీసుకురావడానికే కారు కొన్నది. విజయవాడ నుంచి హైదరాబాదు హైవే మీద, మే నెలలో, ఆ టైర్ల మీద నా కూతురు. ఇంక నాకు వేరే వాదన అక్కర్లేకపోయింది. రెండు వారాలు ఇంట్లో పోట్లాడాను. ఆ రెండు వారాలూ కారు ఊరు దాటనివ్వలేదు. చివరికి స్టెప్నీతో సహా అయిదూ మార్చాం. అలైన్‌మెంటుతో కలిపి ఇరవై రెండు వేల అయిదొందలు. పాతవి విప్పినప్పుడు రెండిటికి లోపలి వైపు గోడ మీద గోటితో గీరినట్టు చుట్టూ బీటలున్నాయి. బయటి వైపు అద్దంలా ఉంది. మావారు ఏమీ మాట్లాడలేదు, ఫోటో మాత్రం తీసుకున్నారు. మా మరిదికి పంపారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు నాకు ఎదురైన వాదనలు ఒక్కొక్కటీ తీసుకుంటాను. రేపు మీ ఇంట్లోనూ ఇవే ఎదురవుతాయి.

"గ్రిప్పు ఉంది కదా." గ్రిప్పు అంటే మనం గాట్ల లోతు చూస్తున్నాం. లోతు 1.6 మిల్లీమీటర్లకి వస్తే టైరు పని అయిపోయినట్టే, అది నిజం. అంతమాత్రాన లోతుంటే టైరు బాగున్నట్టు కాదు. పళ్ళు బాగున్నాయని ఎముకలు కూడా బాగున్నాయంటామా? పైగా వయసు మళ్ళి గట్టిపడిన రబ్బరు తడి రోడ్డుని సరిగా పట్టుకోదు. జూన్‌లో తొలి వాన పడి రోడ్డు జిడ్డుగా ఉన్నప్పుడు, ముందు స్కూటరు మీద తండ్రి ముందర నిలబడ్డ పిల్ల ఉన్నప్పుడు, బ్రేకు వేసి చూడండి. గాట్ల లోతు ఒక్కటే మనల్ని ఆపదు, రబ్బరు మెత్తదనం కూడా ఆపాలి.

"మనం ఊళ్ళోనే తిరుగుతాం." నిజంగానా? సంక్రాంతికి ఊరు వెళ్ళరా? మేనకోడలి పెళ్ళికి వెళ్ళరా? తిరుపతి మొక్కు తీర్చుకోరా? ఏడాదంతా బజారుకి తిరిగే కారే, ఆ నాలుగు రోజులూ అందరినీ, సామానునీ, సున్నుండల డబ్బాలనీ ఎక్కించుకుని హైవే ఎక్కుతుంది. టైరు మీద అన్నిటికన్నా ఎక్కువ భారం పడే రోజునే కారులో మనుషులు కూడా ఎక్కువ.

"మా బాబాయి పన్నెండేళ్ళు అవే టైర్లతో తిరిగాడు." సంతోషం. హెల్మెట్టు లేకుండా ముప్ఫయ్యేళ్ళు బండి నడిపినవాళ్ళూ ఉన్నారు. బతికి ఉన్నవాళ్ళే కదా ఇలా చెప్పగలిగేది, రెండోరకం వాళ్ళు ఫోటోలో దండ వెనక ఉంటారు.

"స్టెప్నీ కొత్తదే, నేల తాకలేదు." నేల తాకలేదు గానీ గాలి తాకింది, డిక్కీ వేడి తాకింది. అదీ మిగతావాటి వయసుదే. టైరు పంక్చరైన రోజున అర్ధరాత్రి హైవే మీద దాన్నే బిగిస్తారు. అదే టైరు వేసుకుని, "కొత్తది" కదా అని పాత వేగంతోనే పోతారు.

"ఇదంతా టైర్లు అమ్ముకోవడానికి కంపెనీలు చెప్పే మాట." ఈ అనుమానం మాత్రం న్యాయమైనదే, నాక్కూడా ఉంటుంది. అయితే ఒకటి గమనించండి. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళకి మార్చమంటాయి. కార్లమ్ముకునే వాళ్ళకి టైర్ల మీద ఏం లాభం? మిషెలిన్ లాంటి టైర్ల కంపెనీలే ఇంకాస్త వదులుగా, అయిదేళ్ళు దాటాక ఏడాదికోసారి తెలిసినవాళ్ళ చేత చూపించుకోండి, పదేళ్ళు వచ్చాయంటే ఎలా ఉన్నా తీసేయండి అంటాయి. అమ్ముకునేవాడు ఆరు అని, సంబంధం లేనివాడు పది అంటే అనుమానించాలి. ఇక్కడ తిరగబడి ఉంది.

కంపెనీల మాట పక్కన పెట్టి, ఒక తల్లి మాట వినండి. 2012 సెప్టెంబరులో ఇంగ్లండులో ఒక పాటల పండగ నుంచి కుర్రకారుని ఇంటికి తీసుకొస్తున్న కోచ్ బస్సు సర్రీ జిల్లాలో హైండ్‌హెడ్ దగ్గర ముందు టైరు పేలి చెట్టుని గుద్దుకుంది. ముగ్గురు చనిపోయారు. వాళ్ళలో మైకేల్ మోలాయ్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడున్నాడు. ఆ టైరు వయసు పందొమ్మిదేళ్ళ పైమాటే. కొడుకు కన్నా టైరు పెద్దది! అప్పటికి అక్కడి చట్టంలో వయసు మాట లేదు కాబట్టి ఆ టైరు వాడటం నేరమూ కాదు. తల్లి ఫ్రాన్సెస్ మోలాయ్ ఊరుకోలేదు. సంతకాలు సేకరించింది, ఎంపీలని కలిసింది, మంత్రుల్ని నిలదీసింది. ఎనిమిదేళ్ళకి పైగా పోరాడితే, 2021 ఫిబ్రవరి 1 నుంచి లారీలకీ బస్సులకీ ముందు చక్రాలకి పదేళ్ళు దాటిన టైర్లు వాడకూడదని బ్రిటన్‌లో నిషేధం వచ్చింది. ఆవిడ ఇంజినీరని కాదు, తల్లి కాబట్టి ఆ పని చేసింది.

గమనించారా, ఆ చట్టం కూడా లారీలకీ బస్సులకే. సొంత కార్లకి అక్కడా వర్తించదు. అంటే ఇంట్లో కారు టైరు వయసు గురించి పోలీసు అడగడు, బీమా ఏజెంటు గుర్తు చెయ్యడు, అమ్మినవాడు అసలే చెప్పడు. ఇంట్లోవాళ్ళే అడగాలి. ఆ అడిగేది మనమే కావాలని నా పట్టుదల. ఎందుకంటే చాలా ఇళ్ళల్లో కారు కొనేది, నడిపేది, మరమ్మతు చేయించేది ఒకరు, వెనక సీట్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది ఇంకొకరు. ప్రమాదం పంచుకునేటప్పుడు సమానంగా పంచుకుంటూ, నిర్ణయం దగ్గర మాత్రం "నీకేం తెలుసు ఊరుకో" అనిపించుకోవడం నాకు నచ్చదు. నాకు నాలుగంకెలు చదవడం తెలుసు. అది చాలు.

డబ్బు సంగతికొస్తాను. ఇరవై వేలు చిన్న మొత్తం కాదు, నాకూ తెలుసు. నెలాఖరున కూరగాయల డబ్బు లెక్కపెట్టేది నేనే. కాకపోతే అదే కారుకి సీటు కవర్లు, వెనక కెమెరా, పాటల సిస్టము, డాష్‌బోర్డు మీద వినాయకుడు, పూజ, నిమ్మకాయలు, అందరికీ స్వీట్లు, వీటన్నిటికీ దొరికిన డబ్బు టైర్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతోంది? కొత్త బండికి పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా. నేనూ పెట్టాను. పెట్టేటప్పుడు వంగుతాం కాబట్టి పనిలో పనిగా ఆ నాలుగంకెలు కూడా చదవండి అంటున్నాను. ఇంకా మంచిది, బేరం కుదిరేముందే చదవండి. "బండి తక్కువ తిరిగింది, అందుకే ఈ రేటు" అని ఎదుటివాడు అంటే, "టైర్లు ఆరేళ్ళు దాటాయి, అయిదు టైర్ల ఖరీదు తగ్గించండి" అని మనమనాలి. చీర కొట్లో వంద రూపాయలకి గంట బేరమాడే నోరు ఇక్కడ మూగబోవడం దేనికి?

అలాగని కనబడ్డ టైరల్లా పీకి పారెయ్యమని నేననడం లేదు. నాలుగేళ్ళ టైరు, బీటలు లేవు, ఉబ్బులు లేవు, గాట్లున్నాయి అంటే హాయిగా వాడుకోండి, కొట్టువాడు భయపెట్టినా మార్చకండి. అయిదేళ్ళు దాటితే ఏడాదికోసారి చక్రం విప్పించి లోపలి వైపు కూడా చూపించండి. ఆరు దాటితే, మన ఎండల్లో, హైవే ఎక్కే కారైతే మార్చేయండి. పదేళ్ళు దాటిన టైరు గురించి ఇంక చర్చే వద్దు. ఒకేసారి డబ్బు కుదరకపోతే ముందు రెండు కొని వెనక చక్రాలకి వేయించండి, మిగతా రెండూ మారేదాకా కారుని ఊరు దాటనివ్వకండి. ముందు చక్రాలకి వేస్తామంటారు చాలామంది. కానీ వెనక టైర్లు పట్టు తప్పితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని అదుపు చెయ్యడం మామూలు మనుషుల వల్ల కాదు. కొత్తవి కొనేటప్పుడు కొట్లోనే అంకెలు చదవండి. రెండేళ్ళ కిందటి స్టాకు అంటగట్టబోతే, పురుగు పట్టిన కందిపప్పుని వెనక్కి నెట్టినట్టే నెట్టండి. సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి మాత్రం అసలు వెళ్ళకండి.

పాత బియ్యం మంచిది. పాత స్నేహం మంచిది. పాత పట్టుచీర అమ్మ వాసనతో ఇంకా మంచిది. పాత రబ్బరు మాత్రం దేనికీ మంచిది కాదు.

ఈ పోస్టు చదవడం అవగానే కిందికి దిగి, మీ కారు చుట్టూ ఓసారి తిరిగి రండి. అయిదు టైర్లు, అయిదు సార్లు నాలుగంకెలు. ఓ కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి, పాల లెక్క పక్కన అంటించండి. "ఏంటిది?" అని ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు మొదలుపెట్టండి పోట్లాట.